మీట నొక్కుటయే విద్య కాదు

పూర్వము మన పల్లెలలో ఫొటో తీయించుకొనుట ఒక చిన్న పండుగ. ఉతికిన బట్టలు కట్టుకొని, బండి యెక్కి పట్టణమునకు పోయి, స్టూడియోలో రంగుతెఱ ముందు ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారు. ఆ చిత్రము చట్రమెక్కి గోడపై తరములు నిలిచెడిది. నేడు సెల్‌ఫోను గల ప్రతివారును ఛాయాగ్రాహకులే. ఒక్క పెండ్లిలో వేయి చిత్రములు తీయుదురు. కాని ఆ వేయింటిలో అవ్వ ముఖము చక్కగా తెలియునట్టిది ఒక్కటి దొరకుట కష్టము. ఒకదానిలో ఆమె నీడగా మాఱినది. మఱియొకదానిలో తీసినవారి చేయి కదలి ముఖము చెదరినది. ఇంకొకదానిలో వెనుకనున్న ఆకాశము వెలిగి ఆమె ఆరిపోయినది.

యంత్రము చౌకది యగుటయే ఇందుకు కారణమని పలువురు తలంతురు. ఇంకను ఖరీదైన ఫోను కొన్నచో అంతయు చక్కబడునని వర్తకులును చెప్పుదురు. నేనట్లు తలపను. కొఱత యంత్రము వెనుకనున్న చదువులో ఉన్నది. డిజిటల్ కెమెరా వచ్చిన పిమ్మట ఫొటోగ్రఫీ మూలసూత్రములు నేర్వనక్కఱలేదను మాట సరికాదు. నిజమునకు వానిని నేర్చుటకు ఇంతటి అనుకూలమైన కాలము మున్నెన్నడును లేదు. ఆ పాఠమును మన బడులలో, ఇప్పుడున్న పాఠ్యపుస్తకములతోనే, చెప్పవచ్చును, చెప్పవలెను. ఉపాధ్యాయ మహాశయులకు నేను చేయదలచిన మనవి ఇదియే.

భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని చండ్రుగొండను దృష్టాంతముగా తీసికొందము. ఖమ్మము వైపు పొలములు ముగిసి, భద్రాచలము వైపు అడవులు ఆరంభమగు సరిహద్దు ప్రాంతమది. చేరువనే కనకగిరి గుట్టలు. ఇట్టి చోట వెలుతురు ఒక్క తీరుగా ఉండదు. వేసవిలో, తునికాకు కోయు దినములలో, టేకుచెట్లు ఆకు రాల్చి నిలుచును. ఆకాశము తెల్లబడి మండుచుండును. వానకాలములో ఆ చెట్లే ఆకులు కమ్మి పట్టపగలే మసకను కల్పించును. బాట మీద నిప్పులవంటి ఎండ. పది అడుగులు లోనికి పోయినచో చిక్కని నీడ. మన కన్ను ఈ రెంటికిని క్షణములో సర్దుకొనును. యంత్రము అట్లు సర్దుకొనజాలదు.

యంత్రము వెలుతురును కొలుచు విధము తెలిసిన గాని దీని మర్మము బోధపడదు. అది తన మీద పడిన వెలుతురునంతయు కూడి, సగటు తీసి, ఆ సగటు ఒక నడిమి బూడిదవన్నెకు సరిపోవునట్లు చిత్రమును సిద్ధపఱచును. నూటికి సుమారు 18 పాళ్ల వెలుతురును తిప్పి పంపు వన్నెను ఛాయాగ్రాహకులు చిరకాలముగా నడిమి వన్నెగా ఎంచుచున్నారు. నేటి ఫోనులు ముఖములను గుర్తించి ఈ లెక్కను కొంత సవరించుకొనుచున్నవి గాని, పునాది మాఱలేదు. సున్నము కొట్టిన బడిగోడ ముందు పిల్లలను నిలిపి ఫొటో తీసినచో, తెలుపు ఎక్కువైనదని యంత్రము వెలుతురును తగ్గించును. గోడ బూడిదరంగుకు దిగును. పిల్లల ముఖములు నల్లబడును. దట్టమైన నీడలో తీసినచో చీకటి ఎక్కువైనదని వెలుతురును పెంచును; పచ్చని ఆకు వెలవెలబోవును. యంత్రము తనకు నేర్పిన లెక్కను తాను చేసినది. దానిని సరిదిద్దవలసినవాడు మనుష్యుడు. వెనుక తెలుపు హెచ్చుగా ఉన్నచో ఒక మెట్టు వెలుతురు పెంపవలెను. నలుపు హెచ్చుగా ఉన్నచో ఒక మెట్టు తగ్గింపవలెను. కెమెరాలో ఇందుకై కూడిక, తీసివేత గుర్తులు గల మీట ఉండును. పెక్కు ఫోనులలో ముఖము మీద వ్రేలు తాకించి, ప్రక్కన కనబడు సూర్యుని గుర్తును పైకి జరిపిన చాలును.

ఈ చిన్న లెక్కలో మన మర్యాద కూడ ఇమిడియున్నది. రంగు ఫిల్ము వ్యాప్తిలోనికి వచ్చిన దినములలో కోడక్ సంస్థ, రంగులను సరిచూచుకొనుటకై, ఫొటోలు ముద్రించు శాలలకు ఒక నమూనా కార్డును పంపెడిది. దాని మీద ఒక తెల్లజాతి స్త్రీ చిత్రముండెడిది. ఆ కార్డుకు ‘షర్లీ’ యని పేరు. ఆమె చర్మము చక్కగా పడినచో అంతయు చక్కగా పడినట్లే లెక్క. పలు మేనిచాయల స్త్రీలు గల కార్డులు 1990ల దశకమునకు గాని రాలేదు. 2021లో గూగుల్ సంస్థ, నల్లని మేనిచాయలు ఉన్నవున్నట్లు కనబడుటకై తన ఫోను కెమెరాను ప్రత్యేకముగా సవరించితిమని ప్రకటించెను. అనగా అంతవఱకు ఆ సవరణ కొఱత యుండెనని అర్థము. ఎండలో పనిచేయు మన రైతు, అడవిలో తునికాకు కోయు కోయ స్త్రీ, నలుపు, చామనచాయల మన బడిపిల్లలు – వీరిని సగటు లెక్కకు వదలివేసినచో, తమ చిత్రములలో తామే కనబడకపోవుదురు. వెలుతురు పాఠము తెలిసిన ఉపాధ్యాయుడు వారిని గోడకు దూరముగా, వరండా నీడలో, వెలుతురు వైపు ముఖము త్రిప్పి నిలుపును. ఇందుకు కాసు ఖర్చు లేదు, ముఖము వెలుగును.

మూలసూత్రములు మూడే. మొదటిది ద్వారము, అనగా కటకము గుండ వెలుతురును రానిచ్చు రంధ్రము. రెండవది కాలము, అనగా షట్టరు తెఱచియుండు వ్యవధి. మూడవది గ్రహణశక్తి, దీనిని ఐ.ఎస్.ఓ. అను సంఖ్యతో తెలుపుదురు. చెఱువు తూము నెఱిగిన మన పిల్లలకు ఇది సులభముగా తెలియును. తూము ఎంత వెడల్పుగా తెఱచితిమి, ఎంతసేపు తెఱచితిమి, ఎంత నీటితో మడి తడియును – ఈ మూటి మీదనే సేద్యము ఆధారపడియుండును. ఒకటి తగ్గించినచో మఱియొకటి పెంపవలెను.

ద్వారపు సంఖ్యలు 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అను వరుసలో నడచును. సంఖ్య పెరిగిన కొలది రంధ్రము చిన్నదగుట చూచి క్రొత్తవారు తికమకపడుదురు. అది కటకపు నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగింపగా వచ్చిన లబ్ధము. 50 మిల్లీమీటర్ల కటకమునకు 25 మిల్లీమీటర్ల రంధ్రమున్నచో సంఖ్య 2. రంధ్రము పన్నెండున్నర మిల్లీమీటర్లైనచో సంఖ్య 4. వ్యాసము సగమైనది గనుక వైశాల్యము నాలుగవ వంతైనది. వెలుతురును నాలుగవ వంతే వచ్చును. వరుసలో ఒక్కొక్క మెట్టు ఎక్కినపుడు వెలుతురు సగమగుటకు ఇదియే కారణము. వృత్త వైశాల్యము నేర్చిన విద్యార్థికి ఇందులో క్రొత్త సూత్రమేదియు లేదు; నేర్చిన సూత్రమునకు ఒక ప్రయోజనము దొరకినది. రంధ్రము పెద్దదైనచో మనము గుఱిచూచిన మనిషి మాత్రమే స్పష్టముగా పడి వెనుకనున్నది మసకబారును. చిన్నదైనచో ముందున్న పొలము నుండి వెనుకనున్న గుట్ట వఱకు స్పష్టముగా పడును. సామాన్యముగా ఫోనులలో ఈ రంధ్రము మాఱదు. వానిలో వెనుకభాగము మసకబారినట్లు కనబడుట చాలవఱకు లెక్కచేత కల్పించినది. అందుకే అప్పుడప్పుడు చెవి అంచో, వెండ్రుకల కొసలో మాయమగుచుండును.

ఫిల్ము కాలపు ఛాయాగ్రాహకులు కంఠస్థము చేసిన సూత్రమొకటి నేటికిని పనిచేయును. నిండు ఎండలో ద్వారము 16 వద్ద నుంచి, గ్రహణశక్తి ఎంతో సెకనులో అన్నవ వంతు కాలము తెఱచిన చాలును. గ్రహణశక్తి 100 అయినచో, దానికి చేరువనున్న 125వ వంతు. ఇదే వెలుతురు ద్వారము 8, కాలము 500వ వంతు అయినను వచ్చును. ఒకటి రెండు మెట్లు పెరిగినది, వేఱొకటి రెండు మెట్లు తగ్గినది. చెట్టునీడకు పోయినచో మూడు నాలుగు మెట్లు అదనముగా ఇయ్యవలెను. కోయల కొమ్ము నృత్యములో డోలు మోగుచుండగా అడుగులను పట్టవలెనన్నచో, 15వ వంతు కాలమున పాదములు పొగవలె చెదరును. 250వ వంతుకు తక్కువ పనికిరాదు. సాయంకాలపు వెలుతురు అందుకు చాలనిచో గ్రహణశక్తిని పెంపవలెను. అప్పుడు చిత్రములో ఇసుక చల్లినట్లు చుక్కలు పొడసూపును. ఏది కావలెను, ఏది వదలుకొనవలెను అను నిర్ణయము ఇచట మనదే. అయితే అడుగు పైకెగసి క్రిందికి దిగబోవు సంధిలో కదలిక క్షణకాలము ఆగును. డోలు దెబ్బను చెవితో విని ఆ క్షణమును కనిపెట్టువాడు తక్కువ యంత్రముతోను గెలుచును.

రాత్రివేళ తీసిన బృందచిత్రములలో ముందువరుస సున్నము పూసినట్లు తెల్లబడి, వెనుకవరుస చీకటిలో కలియుట అందఱును చూచినదే. ఫ్లాషు నుండి ఒక మీటరు దూరమున ఉన్నవానికి అందిన వెలుతురులో తొమ్మిదవ వంతు మాత్రమే మూడు మీటర్ల దూరమున ఉన్నవానికి అందును. దూరము వర్గమునకు విలోమముగా వెలుతురు తగ్గునను భౌతికశాస్త్ర నియమమే ఇది. మనుష్యులను వరుసలుగా గాక, ఫ్లాషుకు సమాన దూరమున అర్ధచంద్రాకారముగా నిలిపినచో చిక్కు తీఱును.

ఈ విద్యకు తొలి ప్రయోగశాల బడి ఆవరణలోని చింతచెట్టు. మిట్టమధ్యాహ్నము దాని నీడలో నేల మీద గుండ్రని వెలుగుమచ్చలు పడును. ఆకుల సందులు ఏ ఆకారమున ఉన్నను మచ్చలు మాత్రము గుండ్రముగానే ఉండును. ఏలయన అవి సందుల ఆకారములు కావు, సూర్యుని బింబములు. ప్రతి చిన్న సందును ఒక సూదిబెజ్జపు కెమెరాయే. పాక్షిక సూర్యగ్రహణమునాడు ఆ మచ్చలన్నియు నెలవంకలగును. పది మీటర్ల ఎత్తున ఉన్న చిన్న సందు నుండి పడిన మచ్చ సుమారు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పుండును; అనగా ఎత్తులో ఇంచుమించు 108వ వంతు. సూర్యుని దూరము 15 కోట్ల కిలోమీటర్లను 108చే భాగించినచో సుమారు 14 లక్షల కిలోమీటర్లు వచ్చును. అదియే సూర్యుని వ్యాసము! సూర్యుని వైపు కన్నెత్తి చూడకయే, ఒక కొలబద్దతో, చెట్టు క్రింద కూర్చుండి పిల్లలు ఈ లెక్క కట్టగలరు. కెమెరా యనగా నేమో వారికి ఆనాడు నిజముగా తెలియును.

ఇక డిజిటల్ కెమెరా వలన కలిగిన లాభమును విచారింతము. 1888లో కోడక్ సంస్థ, మీరు మీట నొక్కిన చాలును, తక్కిన పని మేము చూచుకొందుమను ప్రకటనతో తన పెట్టె కెమెరాను అమ్మెను. అది మొదలు ప్రతి తరమునకును ఏదో యొక యంత్రము, నీవు నేర్వనక్కఱలేదను వాగ్దానము చేయుచునే యున్నది. 1975లో అదే సంస్థలో స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు నిర్మించిన డిజిటల్ కెమెరా పదివేల బిందువులతో నలుపు తెలుపు చిత్రమును 23 సెకనులలో క్యాసెట్టు టేపుపై నమోదు చేసెను. నేటి ఫోను కోట్ల బిందువులతో కనురెప్పపాటులో ఆ పని చేయుచున్నది. అయితే దీని గొప్ప వరము బిందువుల సంఖ్య కాదు. ఫిల్ము చుట్టలో చిత్రములు 36 మాత్రమే. చేసిన పొరపాటు తెలియుటకు దినములు పట్టెడిది. ఏ ద్వారమున, ఏ కాలమున తీసితిమో నేర్చువాడు పుస్తకములో వ్రాసికొనవలసి యుండెను. ఇప్పుడు ప్రతి చిత్రములోను ఆ వివరములు, తేదీతో సహా, యంత్రమే వ్రాసి దాచుచున్నది. ఫలితము ఆ క్షణముననే కనబడును. చీకటి బిందువులు ఎన్ని, వెలుగు బిందువులు ఎన్ని యని చూపు సోపానచిత్రమును కెమెరా తెఱమీదనే గీయును. సాంఖ్యకశాస్త్ర పాఠమున మన పిల్లలు గీయు సోపానచిత్రమే అది. ఇంత ఓపిక గల గురువు వెనుకటివారికి దొరకలేదు. కాని అక్షరములు రానివానికి గ్రంథాలయమెట్లో, మూలసూత్రములు రానివానికి ఈ వివరములట్లు. దిద్దుకొనుటకు ఖర్చు లేదు గనుక దిద్దుకొననవసరమే లేదనుకొనుచున్నాము; వరము శాపమగుట ఇట్లే.

యంత్రము మాఱినను వెలుతురు చదువు మాఱదనుటకు మన చరిత్రయే సాక్ష్యము. 1844లో జన్మించి 1905లో కీర్తిశేషుడైన రాజా దీన్ దయాళ్, రూర్కీలో ఇంజనీరింగు చదివి, పిదప ఫొటోగ్రఫీ నభ్యసించి, ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యెను. ఆయన వాడినవి గాజుపలకలు. బరువైన పెట్టెను మోసికొనిపోయి, ఒక్కొక్క పలకకును వెలుతురును అంచనా కట్టి తీసిన హైదరాబాదు చిత్రములు నేటికిని రాతిచెక్కడముల స్పష్టతతో నిలిచియున్నవి. 1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రములో పడవ విహారపు వెన్నెలను చూచి పరవశింపని తెలుగువాడుండడు. అది చంద్రుడు కురిపించినది కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే దీపములతోను నీడలతోను కల్పించినది. 2010లో ఆ చిత్రమునకు కంప్యూటరు సాయముతో రంగులద్దిరి. రంగును యంత్రము తరువాత చేర్పగలిగినది గాని, ఆ వెన్నెలను చేర్పవలసిన పని దానికి కలుగలేదు. అది 53 ఏండ్ల క్రిందటనే ఒక మనిషి బుద్ధిలో వెలసినది.

ఇదంతయు అడవి అంచు ఊళ్లకు ఏల యని కొందఱు అడుగవచ్చును. అచటివారికే ఇది ముఖ్యము. 1940ల దశకములో హైదరాబాదు సంస్థానమున చెంచులను, కొండరెడ్లను, గోండులను గూర్చి పరిశోధించిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వారి జీవనమును వేలకొలది ఛాయాచిత్రములలో భద్రపఱచెను. గోదావరి తీరపు కొండరెడ్లపై ఆయన గ్రంథము 1945లో వెలువడెను. ఆ చిత్రములు నేడు లండనులోని ఒక విశ్వవిద్యాలయ సంస్థ భాండాగారమున ఉన్నవి. ఆయన శ్రద్ధకు మనము ఋణపడియున్నాము. కాని మన పూర్వుల ముఖములను చూచుటకు సముద్రముల కావలి భాండాగారమును ఆశ్రయింపవలసి వచ్చుట ఆలోచింపదగిన విషయము. ఆనాడు మనవారి చేతిలో కెమెరా లేదు. నేడు ఉన్నది. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము భద్రాచలము ప్రాంతపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. గోదావరి యొడ్డున కోయల, కొండరెడ్ల గ్రామములనేకము ఆ ముంపు ప్రాంతమున ఉన్నవి. ముంపు లేని ఊళ్లలోను కాలము తన పని చేయుచునే యున్నది. పూరిల్లు పోయి మేడ వచ్చుచున్నది. ఇప్పపూవు ఏరు చేతులు ముదిమి పొందుచున్నవి. వీనిని మన పిల్లలే, తమ కన్నుతో, తెలిసి తీయనిచో మఱి తీయువారెవరు?

ఫోను అంతయు తానే చేయుచుండగా శ్రమ యేల యని మఱికొందఱందురు. ఫోను అనేక చిత్రములను క్షణములో తీసి కలిపి, నూఱుమందిలో తొంబదిమందికి నచ్చునట్లు దిద్దును. అది దాని నేర్పే. కాని తీయదలచినది మండుటెండయా, ఎండలో అలసిన ముఖమా అనునది దానికి తెలియదు. సాయంసంధ్య చీకటిని చీకటిగానే చూపదలచినవానికి అది పట్టపగలు కల్పించి యిచ్చును. వ్యాకరణము రానివానికి బదులుగా జాబు వ్రాసిపెట్టు లేఖకుని వంటిది ఆ యంత్రము. లేఖకుడు మంచివాడే కావచ్చును. కాని తన జాబును తాను వ్రాసికొనగలుగుట స్వాతంత్ర్యము.

పరీక్షల ఒత్తిడిలో దీనికి వేళ యేది యను ఉపాధ్యాయుల బాధ న్యాయమైనదే. క్రొత్త సబ్జెక్టు నెవరును కోరుట లేదు. పిల్లలకు ఫోనులు ఇయ్యనక్కఱయు లేదు. ఒక్క ఉపాధ్యాయుని ఫోను చాలును. కాంతి పాఠమునాడు చింతచెట్టు క్రిందికి పోవుడు. వృత్త వైశాల్యము చెప్పునాడు ద్వారపు సంఖ్యలు చెప్పుడు. సాంఖ్యకశాస్త్రమునాడు ఒక ఫొటోకు వెలుగునీడల సోపానచిత్రము గీయింపుడు. సాంఘికశాస్త్రమునాడు ప్రతి విద్యార్థియు తన యింటి పెద్దను, వారి యనుమతి నడిగి, ఒక్క చిత్రము తీయునట్లు చేయుడు. వేయి వద్దు, ఒక్కటి చాలును. దాని క్రింద పేరు, ఊరు, తేదీ, వారు చేయు పని వ్రాయించి, అచ్చు తీయించి బడిలో దాచుడు. ఫోను మాఱినపుడు పోవు వేయి చిత్రముల కంటె, పేరు వ్రాసి దాచిన ఆ యొక్కటియే ఊరికి ఆస్తి.

యంత్రములు ఏటికేడు క్రొత్తవి వచ్చును. పాతవి మూల పడును. ద్వారము, కాలము, గ్రహణశక్తి యను మూడు మాటలు మాత్రము దీన్ దయాళ్ గాజుపలకకును, నేటి ఫోనుకును ఒక్కటే. ఒక్కసారి నేర్చినచో జీవితకాలము అక్కఱకు వచ్చు విద్య ఇది. బడిలో దీనిని నేర్చిన పిల్లవాడు వెలుతురు ఎటునుండి వచ్చుచున్నదో ముందు చూచును. ఎదుటి మనిషి ముఖమును పిదప చూచును. మీటను కడపట నొక్కును. ఆ వరుసను నేర్పుటయే ఉపాధ్యాయుని పని.